మాకా దుంపలో మట్టి ఎంత?

ఆ మధ్య ఒక మిత్రుడు రెండు డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రెండూ ఆన్‌లైన్‌లో కొన్నవే. రెండింట్లోనూ ఉన్నది మాకా పొడే. లేత గోధుమరంగు, నోట్లో వేసుకుంటే కాస్త మాడిన చక్కెర రుచి, దాని వెనకే ముల్లంగి ఘాటు. ఒక డబ్బా మీద పెరూ అని ఉంది, రెండో దాని మీద చైనాలోని యునాన్ అని ఉంది. చిక్కంతా వెనకవైపు అచ్చేసిన అంకెల దగ్గర వచ్చింది. ఇనుము ఒకదానిలో ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ. కాల్షియం దగ్గరకొచ్చేసరికి తారుమారు. జింకు సంగతి ఒకరు రాశారు, రెండోవారు ఊసే ఎత్తలేదు. "ఒకే మొక్క, ఒకే దుంప. వీళ్లలో ఎవడో ఒకడు అబద్ధమాడుతున్నాడు" అన్నాడు మిత్రుడు.

ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. అదెలాగో తెలియాలంటే డబ్బా పక్కన పెట్టి, దుంప పుట్టిన నేల దగ్గరకు వెళ్లాలి.

నాలుగు కిలోమీటర్ల ఎత్తున ముల్లంగి చుట్టం

మాకా సొంతూరు పెరూ. రాజధాని లిమా నుంచి ఆండీస్ కొండలెక్కి ఈశాన్యంగా పోతే హునీన్, పాస్కో అనే ప్రాంతాల నడుమ బొంబోన్ పీఠభూమి వస్తుంది. సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైమాటే. దాని మధ్యలో చిన్‌చైకోచా సరస్సు ఉంది. హునీన్ సరస్సు అని కూడా అంటారు. టిటికాకా తర్వాత పెరూలో పెద్ద సరస్సు ఇదే. చుట్టూ కనుచూపుమేర చెట్టన్నది లేని గడ్డినేల. ఆ గడ్డినేలకు అక్కడి పేరు 'పూనా' (మరాఠీవాళ్ల పూనాతో దీనికి ఏ చుట్టరికమూ లేదు). పగటి ఎండ చర్మాన్ని మాడుస్తుంది, రాత్రికి నీళ్లు గడ్డకడతాయి. గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో అరవై శాతమే. మొక్కజొన్న మాట దేవుడెరుగు, మామూలు బంగాళాదుంప కూడా మొరాయించే చోటు అది. అక్కడ మాకా పండుతుంది. బెర్నబే కోబో అనే జెసూట్ మతగురువు 1653 నాటికి పూర్తిచేసిన తన గ్రంథంలో ఈ దుంప గురించి రాశాడు. వేరే పంట నిలవని చలిలో ఇది పండుతుందన్న సంగతి ఆయన కంటికీ వింతగానే కనబడింది.

వానాకాలం మొదట్లో విత్తుతారు. ఏడెనిమిది నెలలకు, మే నుంచి జులై దాకా తవ్వుతారు. తవ్విన దుంపల్ని ఆరుబయట పరిచి, పగలు ఎండలో, రాత్రి మంచులో వారాల తరబడి ఆరబెడతారు. బాగా ఎండిన దుంప ఏళ్ల తరబడి చెడదు.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లెపిడియం మేయెనీ. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ పుట్టిన కుటుంబమే. ఇంకాస్త దగ్గరి చుట్టం మన పచారీ కొట్లోనే ఉంది. హలీం గింజలని అమ్మే ఆదిత్యాలు ఉన్నాయే, అవీ లెపిడియం జాతివే. మాకాలో తినేది అచ్చంగా వేరూ కాదు, కాండమూ కాదు. ఆ రెండూ కలిసే చోట ఊరి ఉబ్బిన భాగం. పసుపు, ఎరుపు, నలుపు, ఊదా రంగుల్లో ఉంటుంది. రంగుల గొడవ ఇక్కడ ఎత్తుకుంటే వ్యాసం దారి తప్పుతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

అందరి నోటా ఉన్న ఆ అంకెలు

1994లో ఇటలీ పరిశోధకులు కొందరు మాకా దుంపను విశ్లేషించి 'ఫుడ్ కెమిస్ట్రీ' పత్రికలో ప్రకటించారు. ఎండిన వంద గ్రాముల దుంపలో పొటాషియం 2050 మిల్లీగ్రాములు, కాల్షియం 150, ఇనుము 16.6, రాగి 5.9, జింకు 3.8. ముప్పై ఏళ్లుగా వ్యాసాల్లో, ప్రకటనల్లో, డబ్బాల మీద తిరుగుతున్నవి చాలావరకు ఈ అంకెలే. వాళ్లు చేసిన పనిలో తప్పేమీ లేదు. తప్పు మనం చదివే తీరులో ఉంది. అవి వాళ్ల చేతికొచ్చిన దుంపల అంకెలు. మాకా జాతి మొత్తం జాతకం కాదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహారాల పట్టికలు ప్రచురించింది. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి, నమూనాలు తెప్పించి, 528 ఆహార పదార్థాలను కొలిచారు. అందులో రాగుల కాల్షియం దగ్గర 364 అని రాసి ఊరుకోలేదు, పక్కనే 58 అటూ ఇటూ అని రాశారు. ఆ రెండో అంకెను మనలో ఎవరూ చదవం. ఒక చోటి రాగులకూ ఇంకో చోటి రాగులకూ అంత తేడా ఉందని చెప్పే అంకె అదే. డబ్బాల మీద మాకాకు ఆ రెండో అంకె వేయరు. మా మిత్రుడి అనుమానానికి మూలం అక్కడుంది.

కొండ కరిగి దుంపలోకి

మొక్క గాలినీ నీటినీ కలిపి ఎండ సాయంతో చక్కెర వండుకోగలదు. చక్కెర నుంచి పిండి, పీచు, నూనె తయారుచేసుకోగలదు. ఘాటైన గంధక పదార్థాలు కూడా తనే అల్లుకుంటుంది. అయితే ఇనుమును ఏ మొక్కా తయారుచేయలేదు. జింకునూ, కాల్షియాన్నీ, రాగినీ అంతే. అవి ఉంటే నేలలో ఉండాలి, లేకపోతే లేనట్టే. దుంపలోని చక్కెరకు ఊరు పేరు అక్కర్లేదు గానీ ఇనుముకు తప్పకుండా ఒక ఊరు ఉంటుంది.

నేల ఎక్కడి నుంచి వచ్చింది? రాయి నుంచి. ఎండకు పగిలి, మంచుకు చిట్లి, వానకు కరిగి రాయి మట్టవుతుంది. నల్లని అగ్నిశిల చిట్లితే వచ్చే మట్టిలో ఇనుము, మాంగనీసు, నికెల్ దండిగా ఉంటాయి. సున్నపురాయి మట్టిలో కాల్షియం ఎక్కువ. ఇసుకరాయి మట్టిలో చెప్పుకోదగ్గది ఏదీ ఉండదు. రాయి గుణం మనిషి పళ్లదాకా, ఎముకలదాకా ఎలా వస్తుందో నల్లగొండ, కనిగిరి వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. అక్కడి ఫ్లోరైడు రాతి నుంచి నీటిలోకి, నీటి నుంచి ఒంట్లోకి వచ్చినదే.

మాకా ప్రకటనల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ఎత్తైన కొండల మీద పండింది కాబట్టి ఖనిజాలు ఎక్కువ అని. ఈ మాటలో పస లేదు. ఎత్తు అనేది ఖనిజం కాదు. ఎత్తుతో చలి, అతినీలలోహిత కాంతి పెరుగుతాయి, గాలి పలచబడుతుంది. ఇవన్నీ మొక్క ఎదుగుదలనూ ఘాటునూ మారుస్తాయి. ఇనుమును మాత్రం ఆకాశం నుంచి దింపవు. పైగా ఎత్తైన కొండల్లో కొన్ని ఖనిజాలు తక్కువ కూడా. అయోడిన్‌నే చూడండి. దానికి పెద్ద నిలయం సముద్రం. సముద్రానికి దూరంగా, వేల ఏళ్లు మంచూ వానా కడిగేసిన కొండనేలల్లో అది కరువు. హిమాలయాల్లోనూ ఆండీస్‌లోనూ గొంతువాపు జబ్బు తరతరాలుగా ఉండడానికి కారణం అదే.

ఖజానా ఉంది, తాళం ఎవరి దగ్గర?

నేలలో ఇనుము ఉంటే చాలు, దుంపలోకి వచ్చేస్తుందనుకుంటే పొరపాటే. మట్టిలో ఇనుము లేని చోటు దాదాపు లేదు. మన ఎర్రనేలల ఎరుపంతా ఇనుము తుప్పే. అయినా ఎర్రనేల మీద పెరిగిన మొక్కకు ఇనుము చాలకపోవడం కూడా ఉంది. ఎందుకంటే వేరు తాగేది మట్టిని కాదు, మట్టి నీటిని. నీటిలో కరిగి ఉన్నదే దానికి అందుతుంది.

ఏది కరుగుతుంది, ఏది కరగదు అన్నదాన్ని చాలావరకు తేల్చేది నేల పులుపు. దీన్నే ఉదజని సూచిక అనీ, పీహెచ్ అనీ కొలుస్తారు. ఏడు దగ్గర సమం. అంతకన్నా తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. పుల్లని నేలలో ఇనుము, మాంగనీసు, జింకు, రాగి కరిగి వేళ్లకు అందుతాయి. నేల క్షారం వైపు జరిగితే ఇవన్నీ మట్టి రేణువులకు అతుక్కుపోతాయి. సిద్ధాంతం ప్రకారం ఈ సూచిక ఒక్క అంకె పెరిగితే కరిగి ఉండే ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. జింకు వందో వంతుకు. చింతపండు రసంలో వేసిన రాగి చెంబు తళతళలాడడం, మామూలు నీళ్లలో అలాగే నల్లగా ఉండిపోవడం అందరూ చూసిందే. పులుపు లోహపు పైపొరను కరిగిస్తుంది. నేలలో జరిగేదీ అలాంటిదే.

సున్నపు నేలల్లో బత్తాయి, వేరుశనగ వేసే రైతులకు ఈ కథ తెలుసు. లేతాకులు పసుపు రంగుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. నేలలో ఇనుము లేక కాదు, తాళం పడి. అందుకే అన్నభేదిలో కాస్త నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీదే పిచికారీ చేయమంటారు. వేరు దారి మూసుకుపోతే ఆకు దారిన పంపడమన్నమాట.

హునీన్ నేలల సంగతి ఇప్పుడు చూద్దాం. కింద చాలాచోట్ల సున్నపురాయి ఉంది. మరి నేల క్షారంగా ఉండాలి కదా? చాలావరకు పుల్లగానే ఉంటుంది, సూచిక అయిదు దగ్గర. చలికి గడ్డీ వేళ్లూ త్వరగా కుళ్లవు. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ నల్లని సేంద్రియ పదార్థం ఆమ్లాలను వదులుతూ ఉంటుంది. వానలు పైపొరల్లోని సున్నాన్ని కిందికి కడిగేస్తాయి. ఆ సేంద్రియ పదార్థం మరో పని కూడా చేస్తుంది. లోహపు అణువులను వేళ్ల మధ్య పట్టుకున్నట్టు పట్టుకుని, మట్టికి అతుక్కుపోకుండా, నీటికి కొట్టుకుపోకుండా ఉంచి, వేరు వచ్చినప్పుడు అందిస్తుంది. పెరూ మాకాకు ఆ నేల ఇచ్చే అసలు లాభం ఇదీ. ఎత్తు తెచ్చింది కాదు, పులుపూ నల్లమట్టీ తెచ్చింది. ఎత్తు చేసింది ఒకటే, చలిని తెచ్చి ఆ నల్లమట్టిని పేరుకోనివ్వడం.

పిలిచిన చుట్టాలు, పిలవని పేరంటాలు

కరిగిన ఖనిజం వేరు గుమ్మం దాకా వచ్చింది. లోపలికి ఎవర్ని రానివ్వాలో మొక్క నిర్ణయిస్తుందా, వచ్చిన వాళ్లందర్నీ రానిస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు మాకాను తవ్వి కనుక్కోలేదు. దాని కుటుంబంలోనే ఉన్న అరబిడాప్సిస్ అనే పిచ్చిమొక్క మీద ప్రయోగాల్లో బయటపడింది. మొక్కల శాస్త్రజ్ఞుల ప్రయోగశాలల్లో తెల్ల ఎలుక లాంటిది అది. 1996లో దాని వేళ్లలో ఇనుమును లోపలికి లాగే ఒక ద్వారాన్ని గుర్తించారు. ఇనుము కొరత పడినప్పుడు వేరు ముందు తన చుట్టూ ఆమ్లం వదిలి మట్టిని పుల్లబరుస్తుంది. తర్వాత కరగని ఇనుమును కరిగే రూపానికి మారుస్తుంది. అప్పుడు ఈ ద్వారాలను బార్లా తెరుస్తుంది.

గమ్మత్తు ఎక్కడుందంటే, ఆ ద్వారపాలకుడి చూపు అంత సూక్ష్మమైనది కాదు. ఇనుము కోసం తెరిచిన తలుపులోంచి జింకు, మాంగనీసు, కోబాల్టు కూడా లోపలికి వస్తాయి. వాటి వెనకే కాడ్మియం అనే విషలోహం కూడా దూరుతుంది. పెళ్లి పందిరి గుమ్మంలో నిలబడ్డవాడు పట్టుపంచె కట్టుకున్న ప్రతివాడినీ చుట్టమే అనుకుని లోపలికి పంపినట్టు.

అందుకే ఖనిజాలను రెండు గుంపులుగా చూడాలి. పొటాషియం, భాస్వరం లాంటివి మొక్క పిలిచి పీట వేసే చుట్టాలు. అవి లేకపోతే బతుకే లేదు కాబట్టి ఎంత కావాలో అంత లెక్కగా తెచ్చుకుంటుంది. నేల మారినా దుంపలో వాటి పాళ్లు ఊహించినంతగా మారవు. లిథియం, స్ట్రాన్షియం, నికెల్, కోబాల్టు, కాడ్మియం లాంటివి పిలవని పేరంటాలు. వీటి విషయంలో మొక్కకు పెద్దగా పట్టింపు ఉండదు. నేలలో ఎక్కువుంటే దుంపలో ఎక్కువ, నేలలో లేకపోతే దుంపలోనూ లేవు. ఇనుము, జింకు, మాంగనీసు ఈ రెంటికీ నడుమన ఉంటాయి. ప్రాంతం ముద్ర గట్టిగా పడేది పొటాషియం మీద కాదు, డబ్బాల మీద ఎవరూ రాయని ఈ చిల్లర ఖనిజాల మీద.

> దుంపలో కాల్షియం ఎందుకు తక్కువ?
> పొటాషియం 2050 ఉన్న చోట కాల్షియం 150 మాత్రమే ఉండడం మాకా లోపం కాదు, దాదాపు దుంపలన్నిటి స్వభావమూ అంతే. మొక్కలో రెండు రకాల గొట్టాలుంటాయి. ఒకటి వేరు నుంచి ఆకులకు నీరు మోసేది. రెండోది ఆకుల్లో వండిన చక్కెరను దుంపకూ గింజకూ దింపేది. కాల్షియం ఎక్కేది మొదటి బండి, రెండో బండిలో దానికి చోటు దొరకదు. నీటితో పాటు ఆకుకు చేరి అక్కడే ఉండిపోతుంది. పొటాషియం రెండు బండ్లూ ఎక్కుతుంది, ఆకుకు వెళ్లి చక్కెరతో పాటు మళ్లీ దుంపకు దిగుతుంది. అందుకే ముల్లంగి దుంపలో కన్నా ముల్లంగి ఆకులో కాల్షియం ఎక్కువ. ఆకును పారేసి దుంప వండుకునేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి.

పలచబడ్డ మజ్జిగ

నేల ఒకటే, విత్తనం ఒకటే అయినా ఖనిజాల పాళ్లు మారడానికి ఇంకో దారి ఉంది. ఒక గ్లాసు మజ్జిగలో చిటికెడు ఉప్పు వేశారు. అదే చిటికెడు చెంబు మజ్జిగలో వేస్తే చప్పబడుతుంది. దుంపలోనూ ఇదే లెక్క. నీళ్లు, నత్రజని ఎరువు, కాస్త వెచ్చదనం దొరికితే దుంప చకచకా ఊరుతుంది. అందులో పేరుకునేది చక్కెర, పిండి, పీచు. వేరు తెచ్చే ఇనుము, జింకు అదే వేగంతో పెరగవు. దుంప బరువు రెట్టింపై, ఖనిజం సగమే పెరిగితే గ్రాముకు వచ్చేది తగ్గినట్టే. వ్యవసాయ శాస్త్రంలో ఇది పాత సంగతే. అంటే లావుపాటి అందమైన దుంప కన్నా, చలికి ముడుచుకుని గోలీకాయంత ఊరిన దుంపలో గ్రాముకు ఖనిజం ఎక్కువ ఉండవచ్చు. మార్కెట్లో ధర మాత్రం లావు దుంపకే.

హునీన్ రైతులు మాకా నేలను అలసటకు గురిచేస్తుందంటారు. ఒక పంట తీశాక ఆ మడిని ఏళ్ల తరబడి బీడుగా వదిలి, గొర్రెల్ని మేపి, మళ్లీ గడ్డి పట్టాకే దున్నడం అక్కడి పాత పద్ధతి. గొర్రెల పెంటే ఎరువు. దీన్ని అనుభవం నేర్పిన లెక్క అనుకోవాలి. ఒక దుంపల పంట లాగేసిన ఖనిజాలు మళ్లీ కరిగే రూపంలోకి రావడానికి ఆ చలిలో అన్నేళ్లు పడుతుంది. గిరాకీ పెరిగి బీడుకాలం కుదిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

కొలిచేవాడి బల్ల మీద

ఇంకో చిన్న మెలిక ఉంది. పరిశోధన పత్రాల్లో దీనికి ఒక వాక్యం మించి దొరకదు గానీ, నాకు ఇదే ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. దుంపను నేల మీద పరిచి వారాల తరబడి ఆరబెడతారని చెప్పుకున్నాం. ముడతలు పడిన దుంప ముడతల్లో మట్టి దూరుతుంది. మట్టిలో ఇనుము దుంపలో కన్నా వందల రెట్లు ఎక్కువ. నూరు గ్రాముల పొడిలో అర గ్రాము మట్టి మిగిలినా ఇనుము అంకె ఎగిరి కూర్చుంటుంది. యంత్రం దుంపలోని ఇనుమునూ మట్టిలోని ఇనుమునూ వేరు చేసి చూపదు. ఆ మట్టి ఇనుములో చాలావరకు కడుపులో కరగదు, ఒంటికి పట్టదు. ఇనుము అంకె మరీ గొప్పగా కనిపించినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: దుంపను ఎంత బాగా కడిగారు?

పచ్చి దుంప అంకెనూ, ఎండు పొడి అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లూ ఉన్నారు. పచ్చిదాంట్లో ఎక్కువ పాలు నీరే. నీరు పోయాక మిగిలినదాన్ని తూచితే ఏ ఖనిజమైనా కొన్ని రెట్లు ఎక్కువ కనిపిస్తుంది. ఎండుమిర్చినీ పచ్చిమిర్చినీ కిలో లెక్కన పోల్చడం ఎలాగో ఇదీ అలాగే.

చైనా ప్రయాణం

మాకా సొంత నేల దాటి పెద్దఎత్తున స్థిరపడిన చోటు చైనా. 2011లో అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ మాకా పొడిని కొత్త ఆహారంగా అనుమతించింది, రోజుకు 25 గ్రాములు మించకూడదని షరతు పెట్టి. యునాన్ రాష్ట్రంలో లీజియాంగ్ చుట్టుపక్కల మంచుకొండల వాలుల్లో, వాయవ్యాన షిన్‌జియాంగ్‌లోని తాష్‌కుర్గాన్‌లో, టిబెట్‌లో సాగు వ్యాపించింది.

ఈ చోట్లను పక్కపక్కన పెట్టి చూడండి. లీజియాంగ్ దగ్గర మూడు వేల మీటర్ల ఎత్తు, వేసవి రుతుపవనాల వాన, సున్నపురాయితో పాటు పాత లావా పొరలు. తాష్‌కుర్గాన్ పామీర్ పీఠభూమి మీద ఎండిపోయిన చోటు. వాన అంతంతమాత్రం కాబట్టి లవణాలను కడిగేసే నీరు లేదు, అలాంటి పొడినేలలు క్షారం వైపే ఉంటాయి. హునీన్‌ది పుల్లని నల్లమట్టి. ఒకే విత్తనం ఈ మూడు చోట్లా వేస్తే ఒకే అంకెలు వస్తేనే ఆశ్చర్యపోవాలి.

2015లో యునాన్ పరిశోధకులు ఆసియా, దక్షిణ అమెరికా మాకాల ఖనిజ మూలకాలను పోల్చి ఒక పత్రం ప్రచురించారు. ఇలాంటి పోలికలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పెరూ దుంపకూ చైనా దుంపకూ నడుమ తేడా నేల ఒక్కటే కాదు. విత్తన వంశం వేరు, ఆ ఏటి వాన వేరు, ఎరువు వేరు, ఆరబెట్టే తీరు వేరు. తేడాలో నేల వాటా ఎంతో తేల్చాలంటే పెరూ విత్తనాన్నీ చైనా విత్తనాన్నీ రెండు చోట్లా, కొన్నేళ్ల పాటు, పక్కపక్క మడుల్లో వేసి చూడాలి. అంగట్లో కొన్న నమూనాలు ఆ పని చేయలేవు. అవి 'తేడా ఉంది' అని చెబుతాయి, 'ఎందుకు' అన్నది చెప్పవు.

తిండిగింజల్లో ఈ ప్రాంతపు తేడాను పెద్దఎత్తున కొలిచిన పని ఒకటుంది. ఇథియోపియా, మలావీ దేశాల్లో పొలం పొలానికీ తిరిగి ధాన్యం నమూనాలు తీసి, 2021లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. కాల్షియం, ఇనుము, జింకు, సెలీనియం పాళ్లు చోటును బట్టి బాగా మారుతున్నాయని తేలింది. చైనాలోనే ఇంకా తీవ్రమైన ఉదాహరణ ఉంది. ఈశాన్యంలోని కేషాన్ ప్రాంతంలో నేలలో సెలీనియం లేక గుండెజబ్బు వ్యాపించింది. దానికి ఆ ఊరి పేరే వచ్చింది. అదే దేశంలో హుబే రాష్ట్రంలోని ఎన్‌షీలో సెలీనియం మితిమీరి జనం జుట్టూ గోళ్లూ రాలిపోయాయి.

దుంప వేలిముద్ర

2014 ప్రాంతంలో చైనా వ్యాపారులు హునీన్ పొలాల దగ్గరకే వచ్చి మాకాను ఎగబడి కొన్నారు. శుద్ధి చేయని మాకాను దేశం దాటించడం పెరూ చట్టానికి విరుద్ధం. అయినా దుంపలు దాటాయి, ధరలు కొండెక్కాయి. యునాన్ తోటలు విస్తరించాక అదే వేగంతో కిందికి దిగాయి. అప్పటి నుంచి ఏది ఏ నేల మాకా అన్నది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న అయింది. 2011లోనే పెరూ 'మాకా హునీన్-పాస్కో' అనే పేరుకు మూలస్థాన రక్షణ ఇచ్చింది. మన భౌగోళిక గుర్తింపు లాంటిదే.

పేరును కాపాడాలంటే నకిలీని పట్టుకోవాలి. అక్కడే పిలవని పేరంటాలు పనికొస్తాయి. లిథియం, స్ట్రాన్షియం, నికెల్ లాంటి మూలకాలు నేలను నమ్మకంగా అనుసరిస్తాయి. పది పదిహేను మూలకాల పాళ్లను ఒకేసారి కొలిచి గణాంక పద్ధతిలో పేర్చితే, ఒక్కో ప్రాంతపు దుంపలు ఒక్కో గుంపుగా విడిపోతాయి. ఒక్క మూలకం చాలదు. మనిషిని ముక్కు ఒక్కటి చూసి గుర్తుపట్టలేం, ముఖమంతా చూస్తే పడతాం కదా!

మన తాండూరు కందిపప్పుకు 2022లో వచ్చిన భౌగోళిక గుర్తింపు వెనక కూడా నేల వాదనే ఉంది. ఇళ్లల్లో పరుచుకునే తాండూరు నాపరాళ్లు ఏ సున్నపురాతి పొరల్లోంచి వచ్చాయో, ఆ పొరల మీది నల్లరేగడిలోనే ఆ కంది పండుతుంది.

అదే నేలలోంచి సీసం

ఇంతవరకూ ఖనిజం అంటే మేలు అన్నట్టే మాట్లాడుకున్నాం. హునీన్ సరస్సుకు ఎగువన సెర్రో దె పాస్కో పట్టణం ఉంది. 4,300 మీటర్ల ఎత్తున, పట్టణం మధ్యలోనే పెద్ద గొయ్యిగా తవ్విన గని ఉంది. వలసకాలంలో వెండి, తర్వాత రాగి, ఆపైన సీసం, జింకు. ఇలా వందల ఏళ్లు తవ్వారు. ఆ గనుల వ్యర్థాలు సాన్ హువాన్ నది మీదుగా సరస్సు వైపు వచ్చాయి. 1930లలో సరస్సు వాయవ్య మూలన కట్టిన ఉపమాయో ఆనకట్ట వల్ల ఆ నీరు సరస్సులోకీ గట్ల మీది నేలల్లోకీ ఎగదన్నింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని హునీన్ నీటిపిట్ట, ఎగరలేని పిట్ట, ఆ సరస్సులోనే అంతరించే అంచున ఉంది.

అంటే మాకా పుట్టిల్లూ గని పుట్టిల్లూ ఒకటే. పుల్లని నేల ఇనుమును ఎలా అందిస్తుందో సీసాన్నీ కాడ్మియాన్నీ అలాగే అందిస్తుంది. సీసం వేరు దాటి ఆకుకు ఎక్కడం తక్కువ. ఆకుకూరకు అది కొంత రక్ష. వేరునూ దాన్ని అంటిపెట్టుకున్న దుంపనూ తినేవాడికి ఆ రక్ష లేదు. కాడ్మియం మనిషి మూత్రపిండాల్లో చేరితే పదుల సంవత్సరాలు ఉండిపోతుంది. 2021లో పెరూ పరిశోధకులే గనుల ప్రభావం ఉన్న ప్రాంతపు మాకాలో, దాని నేలలో భారలోహాలు కొలిచి, తినేవాళ్ల ఆరోగ్యానికి ముప్పును అంచనా వేశారు. దీన్నిబట్టి హునీన్ మాకా అంతా విషమనుకోవడం అన్యాయం. గని నీరు పారిన గట్టు వేరు, దూరంగా మిట్టన ఉన్న బీడు వేరు. 'పెరూ మాకా' అన్న రెండు మాటల్లో మాత్రం ఆ తేడా కనిపించదు.

> చెంచా లెక్క
> ఒక చెంచా మాకా పొడి సుమారు 5 గ్రాములనుకుందాం. 1994 నాటి ఆ ఉదారమైన అంకెల్నే తీసుకుంటే, చెంచాలో ఇనుము 0.83 మిల్లీగ్రాములు, కాల్షియం 7.5. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం రోజుకు పురుషుడికి ఇనుము 19, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలి. కాల్షియం ఇద్దరికీ 1000. యాభై గ్రాముల రాగిపిండితో చేసిన ఒక్క సంగటి ముద్దలో కాల్షియం 180 పైచిలుకు. ఇరవై నాలుగు చెంచాల మాకా తింటే గానీ దానికి సరిపోదు.

హునీన్ రైతు ఇంట్లో ఈ లెక్క వేరు. అక్కడ మాకా మందు కాదు, తిండి. ఉడకబెట్టి, జావ కాచి, రోజుకు పదుల గ్రాముల్లో తింటారు. అలాంటి చోట దుంపలో ఇనుము సగమో రెట్టింపో అన్నది బతుకుకు సంబంధించిన తేడా. మన చెంచాలో ఆ తేడా పులుసులో పడ్డ ఆవగింజ.

మిత్రుడికి చివరికి చెప్పింది ఇదే. రెండు డబ్బాల అంకెలు కలవకపోవడం మోసానికి సాక్ష్యం కాదు. ఖనిజాల కోసమే అయితే రెండూ అక్కర్లేదు. వేరే కారణంతో కొనేటట్టయితే ఇనుము ఎంతో అడగొద్దు. ఏ ప్రాంతంలో పండిందో, ఆ సరుకుకు సీసం, కాడ్మియం పరీక్ష చేయించారో లేదో అడుగు. నివేదిక చూపించలేని డబ్బాను తిప్పి పంపించు.